అంచులో నేయని మాట

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేను కర్నూలు హైస్కూల్లో చదివేవాణ్ణి. నవ్వు పుట్టించే ఇంగ్లీషు మాట ఎక్కడ దొరికినా నోటుబుక్కులో రాసుకోవడం అప్పట్లో నాకో పిచ్చి. హాస్టల్లో సమయం చూసి ఒకటి వదిలితే పదిమందీ పొట్టలు పట్టుకునేవారు. నా అంతవాడు లేడనుకునేవాణ్ణి. "ఇలాంటి మాటకు అర్థం తెలిస్తే చాలదురా. ఎవరి ముందు, ఎవరి మీద వాడుతున్నావో చూసుకోవాలి" అని మా ఇంగ్లీషు అయ్యవారు ఒకసారి అన్నారు. అదీ శుభ్రంగా రాసుకున్నాను, వెధవని.

మా చిన్నాయన కోడుమూరులో చీరలు నేసేవాడు. నాయన పోయాక నన్ను చదివించింది ఆయన మగ్గమే. నూలు మీద కంట్రోలు వచ్చి, పర్మిట్టు లేనిదే ఒక్క చిలప నూలు కూడా దొరకని కాలమది. రెండు నెలలు మగ్గం ఆడకపోయేసరికి అర్జీ రాయించుకుని కర్నూలు వచ్చాడు. పర్మిట్లిచ్చే అధికారి మద్రాసు వైపు వాడు, తెలుగు రాదు. అందుకని నన్ను వెంట రమ్మన్నాడు. ఆఫీసుకు కోటు లేకుండా పోకూడదని ఎవరో చెబితే, పక్కింటి సాయిబు కోటు అడిగి తొడుక్కున్నాడు. ఈయన బక్కపలచటి మనిషి. వేళ్లు కూడా కనబడకుండా చేతులు కోటులోనే ఉండిపోయాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆఫీసులో అధికారి తలెత్తి చూడగానే, ఈయనకూ నాకూ సంబంధం లేదన్నట్టు, "సర్, స్కేర్‌క్రో" అన్నాను. చేలో పిట్టలను బెదిరించడానికి నిలబెట్టే దిష్టిబొమ్మ అని దాని అర్థం. అధికారి పగలబడి నవ్వాడు. గుమాస్తాలు నవ్వారు. దొర నవ్వాడంటే పని అయినట్టేననుకుని చిన్నాయన కూడా నవ్వాడు. అధికారి కళ్లు తుడుచుకుని, అర్జీ పక్కకు తోసి, వెనకున్నవాణ్ణి పిలిచాడు. నా మాట పండిందన్న సంబరంలో సంతకం సంగతి నేను అడగనే లేదు.

"ఏం జెప్పినావప్పా? దొర శానా నవ్వినాడే!" అన్నాడు చిన్నాయన మెట్లు దిగుతూ.

"నీ అంత నేతగాడు జిల్లాలోనే లేడని చెప్పినా చిన్నాయనా."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

పర్మిట్టు రాలేదు. ఎండాకాలం సెలవులకు వెళ్లేసరికి మగ్గం గుంత మీద చాప కప్పి ఉంది. డోన్ స్టేషన్లో మూటలు మోసే పనికి పోతానన్నాడు చిన్నాయన. పోయేముందు, ఇంట్లో మిగిలిన కాస్త నూలు చూపించాడు.

"దీంతో నీకొక తువ్వాల నేస్తాప్పా. ఆ పొద్దు దొర కాడ నువ్వనిన ఇంగిలీసు మాట రాసియ్యి, అంచులో ఏస్తా."

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అయినా 'గుడ్ వీవర్', అంటే మంచి నేతగాడు, అని ఇంగ్లీషులో రాసిచ్చాను. చిన్నాయనకు అక్షరం ముక్క రాదు. కానీ అంచులో ఎన్ని పోగులు పడతాయో చూసుకోవాలి కదా, కాగితం మీద ఒక్కో అక్షరాన్నీ వేలితో కొలుస్తూ పోయాడు. మధ్యలో ఖాళీ దగ్గర ఆగాడు.

"ఇవి రెండు మాటలుండాయే. ఆ పొద్దు నువ్వు ఒగ మాటే కదప్పా అనింది?"

నేను తల దించుకున్నాను. చిన్నాయన నా వంక చూశాడు. కోపంగా కాదు. కాగితం మడిచి నా జేబులో పెట్టాడు.

"పోనీలే నాయనా. ఉండే నూలు సాలదు."