అన్న రేడియోకి వేసిన తీగ

మా అమ్మకి ఒక పట్టుదల ఉండేది. ఇద్దరు కొడుకులకీ ఏది కొన్నా అచ్చం ఒకటే కొనాలి. చొక్కాల గుడ్డ ఒకే తానులోది, సైకిళ్లు ఒకే రంగువి, చివరికి పెళ్లప్పుడు పెట్టిన గడియారాలు కూడా ఒకే రకం. తేడా వస్తే మాట వస్తుంది, మాట వస్తే ఇల్లు చీలుతుంది అనేది. రాయపురంలో మా నాయనది తాళ్ల అంగడి. పడవలకీ ఓడలకీ కావలసిన మోకులూ, కప్పీలూ, రంగు డబ్బాలూ అమ్మేవాళ్లం. అట్లా తెలిసిన ఒక ఓడసామాను బ్రోకరు దగ్గర పెద్ద రేడియో సెట్టు ఉందంటే, అన్న కొంటానన్నాడు. ఏ దేశం వాళ్ల మాటైనా, ఏ సముద్రం మీద వాన సంగతైనా పట్టి వినిపించే సెట్టు అది. అమ్మ ఒప్పుకోలేదు. అట్లాంటిదే రెండోది దొరికేదాకా నాలుగు నెలలు ఆపించి, అప్పుడు ఇద్దరికీ ఇప్పించింది.

అమ్మ పోయినాక ఇల్లు పంచుకున్నాం. కింద అన్నా వదినా, పైన నేనూ నా భార్యా. మిద్దె మాత్రం ఉమ్మడి. ఈ సెట్లకి మిద్దె మీద పొడుగాటి ఏరియల్ తీగ కట్టాలి. నా తీగ పక్కన ఉండబట్టే తన సెట్టులో గరగర వస్తోందని అన్నకి అనుమానం. ఒక దినం నాది విప్పి, చక్కగా చుట్టి, మూలన పెట్టేసినాడు. నేను పోయి ఆయనది కత్తిరించినాను. చుట్టి పెట్టడం వేరు, కత్తిరించడం వేరు అని నాకు తెలియక కాదు. ఒళ్లు మండిపోయింది, అంతే. మళ్లీ ఎవరి తీగ వాళ్లు కట్టుకున్నాం గానీ, ఆరేళ్లు మాటల్లేవు. మధ్యలో నా భార్య పోయింది. అన్న వచ్చి చేయవలసినవన్నీ దగ్గరుండి చేయించి, నాతో ఒక్క మాట మాట్లాడకుండా కిందికి దిగిపోయినాడు. నేనూ పలకరించలేదు. పట్టిన కుందేలికి మూడే కాళ్లు, ఇద్దరికీ.

నేను తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీలో వేడీ, ఒత్తిడీ కొలిచే మీటర్ల డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరైనాను. ఆడ ఒకే తీగ మీద ముప్పై మీటర్లు వేలాడుతుంటాయి. ఒక్కోదానికి ఒక నంబరు. కంప్యూటరు పన్నెండో నంబరుని పిలిచి వేడి ఎంత అని అడిగితే, తీగ మీదున్న అన్నిటికీ వినపడుతుంది. పన్నెండు మాత్రం జవాబిస్తుంది, మిగతావి నోరు మూసుకుంటాయి. కొత్తగా చేరినవాళ్లకి మొదటి దినం నేను చెప్పే పాఠం ఒకటే: రెండిటికి ఒకే నంబరు పెట్టొద్దు. పెడితే చెప్పిన పని రెండూ చేస్తాయి, జవాబు మాత్రం రెండూ ఒక్కసారే చెప్పి గందరగోళం చేస్తాయి. మా సెట్ల వెనక కూడా అట్లాంటి తీగ పెట్టే చోటుంది. నేను నాదాన్ని కంప్యూటరుకి కలుపుకొని, మంచం మీదనుంచే స్టేషన్లు మార్చుకునేవాణ్ణి.

పోయినేడు అన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చేయి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. ఒక పొద్దున వదిన పైకి వచ్చింది. సెట్టు ముందు రోజంతా కూర్చుంటాడంట. ఎడమ చేత్తో తిప్పితే స్టేషను ఎక్కడికో పోతుంది, ఇంకొకరు తిప్పుతామంటే కస్సుమంటాడు. అందుకని ఉన్నచోటే వదిలేసి ఉత్త గరగర వింటున్నాడంట. తిండి తగ్గించేసినాడు. డాక్టరు చెప్పిన ఎక్సర్‌సైజులు వద్దంటాడు.

"ఆ డబ్బా ఒకటన్నా ఆయన చేతికి వస్తే మనిషి నిలబడతాడప్పా" అన్నది. అడగడానికి ఆమెకి ఎంత కష్టమైందో మొహంలో తెలుస్తానే ఉంది.

ఆయన్ని ఆస్పత్రికి తీసుకుపోయిన దినం చూసి పని పెట్టుకున్నాను. నా కంప్యూటరు నుంచి వచ్చే తీగనే మెట్ల పక్క కిటికీలోంచి కిందికి దించి ఆయన సెట్టుకి కలిపినాను. ఎడమ చేతికి అందేట్టు ఒక పెట్టె చేసి, అదే తీగకి తగిలించి, ఆరు పెద్ద బటన్లు పెట్టినాను. ఆయన వినే స్టేషన్లు ఏవేవో వదిన చెప్పింది. పొద్దుటి వార్తలు, సముద్రం మీద గాలివాన సంగతులు, తమిళ పాటలు, ఇట్లా ఆరు. నా సెట్టు ఆపేసి, కింద ఒక్కొక్కటే నొక్కి చూసినాను. అన్నీ సరిగ్గా పట్టినాయి. పైకొచ్చి కాఫీ పెట్టుకున్నాను. చాలా గర్వంగా ఉండింది, అబద్ధమెందుకు.

మర్నాడు నేను వింటుండగా నా సెట్టు ఉన్నట్టుండి తమిళ పాటలకి దూకింది. పాత సరుకు కదా, ఏదో వదులైందనుకొని నెత్తిన ఒకటి కొట్టి, గట్టిగా తిట్టి, కంప్యూటరు మీద మళ్లీ నా స్టేషనుకి తెచ్చుకున్నాను. కంప్యూటరు కూడా అప్పటినుంచి జవాబు తెలియడం లేదని ఎర్ర అక్షరాల్లో గోల పెడుతోంది. శబ్దం వస్తోంది కదా అని పట్టించుకోలేదు.

వారం తర్వాత వదినని అడిగితే, అన్న ఆ పెట్టెని మళ్లీ ముట్టుకోలేదన్నది. నేను చేసింది కాబట్టి ముట్టుకోడు. చేయి పడిపోయినా పొగరు పడిపోలేదు అనుకున్నాను. అనుకోవడమేమిటి, వదినతో అనేసినాను కూడా. నెల పోయినాక చూస్తే అన్న వాకిట్లో గోడ పట్టుకొని నడుస్తున్నాడు. రెండు ఇడ్లీలు ఎక్కువ తింటున్నాడని వదిన చెప్పింది. పెట్టె ముట్టుకోకుండా మనిషి ఎట్లా కోలుకున్నాడో నాకు అంతు పట్టలేదు.

అట్లా నాలుగు నెలలు గడిచినాయి. ఒక సాయంత్రం కార్పొరేషన్ నీళ్లు రాలేదని, మోటారు సంగతి అడగడానికి కిందికి దిగినాను. అన్న గదిలోంచి బర్మా భాషలో ఎవరో ఆడమనిషి వార్తలు చదువుతోంది. ఒక్క ముక్క తెలియకపోయినా ఆ గొంతు బాగుంటుందని నేను పైన పెట్టుకొని దిగిన స్టేషను అది. అన్న వినే ఆరింటిలో అది లేదు. గడప దగ్గరే నిలబడి ఆయన సెట్టు మీది అంకెలు చూసినాను. నేను పైన వదిలేసి వచ్చిన అంకెలే.

అప్పుడు తట్టింది. ఒకే రకం సెట్లు కదా, ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే రెండిటికీ ఒకటే నంబరు. మార్చుకోవాల్సింది నేను. మార్చలేదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితిలో పడిందంట. నేను పైన ఏది మారిస్తే కింద ఈయనకీ అదే మారింది, నాలుగు నెలలుగా. చేతికి సెట్టు ఇస్తానని చెప్పి ఉన్నదాన్ని కూడా లాక్కున్నాను. సిగ్గుతో చచ్చిపోయినాను.

"తప్పు నాదే అన్నా. రెండిటికీ ఒకటే నంబరు ఉండిపోయింది. ఇప్పుడే మార్చేస్తా, నీది నీకు, నాది నాకు" అన్నాను. ఆరేళ్ల తర్వాత ఆయనతో నేను పలికిన మొదటి మాట ఇది.

అన్న ముద్దగా మాట కూడగట్టుకున్నాడు.

"వద్దు" అన్నాడు. "నాకు తెలుసు. రెండో దినమే నేను నొక్కితే నీది మారింది. నువ్వు తిట్టింది ఈడికి వినపడింది."

మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్నాను. నీ పాటలూ వార్తలూ అన్నీ పోయినాయి కదా అన్నాను.

"పొద్దున అది కదిలితే నువ్వు లేచినావని తెలుస్తాది. పైన ఒక్కడివే ఉండావు గదరా."

వదిన అందుకుంది. పోయిన నెల నాకు జ్వరమొచ్చి రెండు దినాలు సెట్టు వెయ్యనప్పుడు, మొదటి దినం పొద్దున ఏడింటికే ఆమెని కంజి కాచి పైకి పంపింది ఆయనేనంట. ఆమె తనంతట తానే వచ్చిందని నేను అనుకున్నాను. థాంక్స్ కూడా ఆమెకే చెప్పినాను.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. మోటారు సంగతి అడగకుండానే మెట్లెక్కి వచ్చేసినాను.

నంబరు మార్చలేదు. మధ్యాహ్నాలు నా సెట్టు ఆపేసి ఆయనకి వదిలేస్తాను, ఆ బటన్లు అప్పుడు నొక్కుకుంటాడు. పొద్దున మాత్రం నిద్ర చాలినా చాలకపోయినా ఐదున్నరకి లేచి స్టేషను మారుస్తాను. ఆలస్యమైతే కింద ఆయన కాఫీ తాగకుండా నాకోసం కాచుకొని ఉంటాడు.