ఏడో నడక

పిల్లల నడక కొలిచే గది ఆ ఆస్పత్రిలో మొదటి అంతస్తు చివర ఉంది. పది మీటర్ల నున్నటి దారి, గోడలకు ఎనిమిది కెమెరాలు, దారి మధ్యలో నేలతో సమంగా బిగించిన తూకపు పలక. ప్రారంభోత్సవం రోజున ముఖ్య అతిథి సూటూ బూటూ విప్పకుండానే ఆ దారి మీద నడిచారు. కెమెరాలు పసిగట్టే మెరిసే ఉండలు సూటు మీదే అంటించారు. నడక భేషుగ్గా ఉందని యంత్రం తేల్చినట్టు సభలో ప్రకటించారు, చప్పట్లు మోగాయి. ఆ పూటకి యంత్రానికి కరెంటే ఇవ్వలేదు. ఆనాటి ఫొటో ఇప్పటికీ తలుపు పక్కన వేలాడుతోంది. ఉండలు అంటించిన మనిషి మోచెయ్యి మాత్రమే అందులో పడింది.

ఆ మోచెయ్యి గలావిడను ఆస్పత్రిలో అందరూ కొలతలావిడ అంటారు. తుంటి కీలు సరిగా కుదరని పిల్లలు ఆవిడ దగ్గరికి వస్తారు. భుజాలకీ నడుముకీ మోకాళ్లకీ మడమలకీ గోళీలంత ఉండలు అంటించి నడిపిస్తుంది. అడుగు ఎంత పడుతోంది, ఒళ్లు ఎటు ఒరుగుతోంది, బరువు ఏ కాలు మీద ఎంతసేపు నిలుస్తోంది, అన్నీ కొలుస్తుంది. పదిహేడేళ్లుగా అదే పని. అంతకుముందు ఆరేళ్లు పిండికట్లు కోసింది. ఇన్నేళ్లలో ఆవిడని మెచ్చుకుంటూ పైవాళ్లు అన్న మాట ఒక్కటే, సెలవులు తక్కువ పెడుతుందని.

ఆవిడ తండ్రి దర్జీ. చిన్నప్పుడు పక్కన కూర్చుని ఆయన చెప్పే కొలతలు రాసేది. "టేపు చూడగానే ప్రతివాడూ పొట్ట లోపలికి లాగుతాడే. అలాంటప్పుడు కొలిచి కుట్టావనుకో, బొత్తాలు పెట్టుకోలేక మన మొహాన కొడతాడు. వాళ్ల అల్లుడి సంగతి అడుగు. ఉస్సురని ఊపిరి వదులుతాడు. అప్పుడు కొలువు" అనేవాడాయన.

ఆవిడ చదువంతా ఆ దుకాణంలోనే అయింది. మిగతాది సర్టిఫికెట్టు.

పిల్లలు కూడా కెమెరా చూడగానే పొట్ట లాగినట్టే నడక బిగిస్తారు. అందుకని గదిలోకి రాగానే వాళ్ల చెప్పులు దారికి అటు చివర పెట్టిస్తుంది. ఆరుసార్లు నడిపించాక, "అయిపోయింది బంగారం, వెళ్లి చెప్పులు తెచ్చుకో" అంటుంది. ఒంటి మీద ఉండలు అలాగే ఉంటాయి. కెమెరాలు తిరుగుతూనే ఉంటాయి. ఆ ఏడో నడకే ఆవిడ లెక్కలో నడక.

రెండేళ్ల కిందట విభాగానికి కొత్త అధిపతి వచ్చారు. ఏది చేతికిచ్చినా సగటు తీస్తారు కాబట్టి సిబ్బంది ఆయనకి సగటు సారు అని పేరు పెట్టుకున్నారు. ఏటి సగటు లోతు మోకాలిబంటి అని లెక్కగట్టి, దిగి మునిగిపోయినవాడికి ఈయన దగ్గరి చుట్టం. వచ్చిన వారానికే 'యంత్రం అబద్ధం చెప్పదు' అని గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు. నిజమే, చెప్పదు. దాని ముందు నడిచేవాళ్లు చెబుతారు.

ఆ గోడ ముందుకి ఒక మంగళవారం ఎనిమిదేళ్ల పాప వచ్చింది, వెంట నాయనమ్మ. పాప కుడి తుంటిలో ఎముక బంతి దాని గిన్నెలో కుదురుగా లేదు, పక్కకి జారుతోంది. ఎక్స్‌రే చూసి ఇద్దరు డాక్టర్లు రెండు మాటలన్నారు. నడక కొలిచి గురువారం మీటింగులో తేల్చుదామనుకున్నారు. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే కీలు కుదురుకుంటుంది. ఏడాది ఆగితే గిన్నె అరిగి, ఆ పిల్లకి జన్మంతా కుంటి నడకే మిగులుతుంది.

నాయనమ్మకి ఇందులో అర్థమైంది ఒక్కటే. బాగా నడిస్తే కత్తి పడదు.

"నెల రోజులుగా నెత్తిన పుస్తకం పెట్టి నడిపిస్తున్నానమ్మా. ఒక్కసారి కూడా కింద పడలేదు. మా పిల్ల ఏ పరీక్షా తప్పలేదు" అంది గర్వంగా.

"ఇది పరీక్ష కాదండీ పెద్దమ్మగారూ."

"ముందు అందరూ అలాగే అంటారులే. వెనకాల కత్తులు నూరుకుంటారు."

పాప ఆరుసార్లూ నెత్తిన పుస్తకం ఉన్నట్టే నడిచింది. ఊపిరి బిగబట్టి, నడుం కర్రలా చేసుకుని, పెదాలతో అడుగులు లెక్కపెట్టుకుంటూ. ఒళ్లు కుడివైపుకి నాలుగు డిగ్రీలే ఒరిగింది. నాయనమ్మ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకుంది.

"అయిపోయింది బంగారం, వెళ్లి చెప్పులు తెచ్చుకో."

పాప ఊపిరి వదిలింది. కుడి కాలు ఆనినప్పుడల్లా పైఒళ్లంతా అటు పడిపోతూ, లేస్తూ, చెప్పుల దాకా వెళ్లింది. పదిహేను డిగ్రీలు.

"అది లెక్కలోది కాదుగా తల్లీ?" అంది నాయనమ్మ.

"నాకదే లెక్కండీ" అంది కొలతలావిడ.

సగటు సారుకి కాదు. రిపోర్టు చూసి ఏడోదాన్ని పెన్నుతో కొట్టేశారు.

"ఆరింటికీ దీనికీ పొంతన లేదు. తీసెయ్యండి."

"ఆ ఆరూ తీసెయ్యండి సార్. ఇదొక్కటే ఉంచండి."

"ఆగమన్నాక నడిచింది నడక కాదమ్మా. నిబంధనలు చదవండి."

"ఇంటికి వెళ్లేది ఆ నడకతోనే కదండీ."

"ఇంట్లో తూకపు పలక ఉందా?" అన్నారాయన, తిరుగులేని మాట అన్న ధీమాతో, సంతకం పెడుతూ.

గురువారం మీటింగులో కొలతలావిడకి కుర్చీ ఉండదు. కంప్యూటర్ నడపడానికి గోడ పక్కన నిలబడాలి. సగటు సారు సగటు చదివారు. నాలుగు డిగ్రీలు, తొందరేం లేదు, ఏడాది తర్వాత చూద్దాం అన్నారు. తలలూగాయి. ఆ తలల్లో సగం ఫోన్లలో ఉన్నాయి.

ఆపరేషన్ చేయాల్సిన ఎముకల డాక్టరమ్మ మాత్రం కాగితం పక్కన పెట్టింది. "నడక ఒకసారి చూపించండి."

కొలతలావిడ ముందు ఏడు ఫైళ్లున్నాయి. ఏడోది తెరిచింది. తెర మీద పాప ఒరుగుతూ చెప్పుల వైపు వెళ్లింది.

"అది కాదమ్మా" అన్నారు సగటు సారు. "అది ఆపమన్నాక..."

"మళ్లీ వెయ్యండి" అంది డాక్టరమ్మ. రెండోసారి చూసి అడిగింది. "మిగతా ఆరింట్లో ఇలా లేదేం?"

"నెల రోజులు నెత్తిన పుస్తకం పెట్టి తర్ఫీదిచ్చారండీ మేడం. నాయనమ్మే చెప్పింది."

డాక్టరమ్మ నవ్వలేదు. వచ్చే సోమవారం పిల్లని చేర్చుకోమని రాసింది. కబురు విని నాయనమ్మ కొలతలావిడని నానా శాపనార్థాలు పెట్టింది. సగటు సారు శాపాలు పెట్టే రకం కాదు, సర్క్యులర్ పెట్టారు. నడక గదిలోకి పాదరక్షలు నిషేధం.

ఎనిమిది నెలల తర్వాత పాప మళ్లీ వచ్చింది. తుంటి పక్కన మచ్చ, అంగుళం పొడుగు పెరిగిన కాళ్లు. నాయనమ్మ కొలతలావిడ మొహం చూడకుండా కూర్చుంది. ఈసారి పుస్తకం మాట ఎత్తలేదు.

ఆరుసార్లు నడిచాక పాప తనే అడిగింది. "ఆంటీ, నా నీళ్లసీసా అటు చివర ఎందుకు పెట్టారో చెప్పనా?"

"చెప్పక్కర్లేదు. తెచ్చుకో."

"ఉండలు కూడా తియ్యరుగా."

"తియ్యను. దాహం లేదూ?"

పాప నవ్వుతూ వెళ్లి సీసా తెచ్చుకుంది, దారిలోనే మూత తీసి తాగుతూ. అయిదు డిగ్రీలు. ఆరు నడకల సగటు కూడా అయిదే.

"ఎంతొచ్చింది?" అంది నాయనమ్మ, గోడకేసి చూస్తూ.

"రెండూ ఒకటే వచ్చాయండీ."

సగటు పద్ధతి ఖచ్చితమైనదని ఈ కేసుతో రుజువైందని సారు ఆ ఏటి నివేదికలో రాసుకున్నారు. నీళ్లసీసాల మీద సర్క్యులర్ ఇంకా రాలేదు.