జ్ఞానప్రకాశం వినిపించని ప్రకటనలు

మనుబోలు చర్చిలో ఆదివారం ప్రకటనలు చదివే పని జ్ఞానప్రకాశానిది. ఎవరింట్లో ప్రార్థన కూటం, ఎవరి బిడ్డకు పెళ్లి, అన్నీ ఏళ్ల తరబడి ఆయన గొంతులోంచే ఊరికి తెలిశాయి. ఆపరేషన్ తర్వాత ఆ గొంతులో గాలి తప్ప ఏమీ మిగల్లేదు.

"ఇంక వాట్సాప్‌లో పెట్టేద్దాం, మీరు రెస్టు తీసుకోండన్నా" అన్నాడు కమిటీ సెక్రటరీ సుధాకర్. రెస్టు అన్న మాట ఆయనకు సమాధి రాతి మీది మాటలా వినిపించింది. మైకు పక్క కుర్చీ లేకుండా చర్చిలో తను ఎక్కడ కూర్చోవాలి?

ఇంజనీరింగ్ చదివే మనవరాలు ఫేబీ దగ్గర పైథాన్‌లో ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాడు. ప్రకటనలు టెక్స్ట్ ఫైల్లో టైపు చేస్తాడు. ఎంటర్ ఒకసారి నొక్కితే ప్రోగ్రాం వరుసగా అన్నీ చదివి స్పీకర్లో వినిపిస్తుంది.

ఆదివారం ఆరాధనకు ముందు, ఖాళీ బెంచీల ఎదుట ఒకసారి నొక్కి చూశాడు. చివరిదాకా చక్కగా చదివింది. ప్రోగ్రాం మూస్తే ఏమవుతుందోనని అలాగే తెరిచి వదిలేశాడు.

"ఇప్పుడు ప్రకటనలు" అన్నారు పాస్టర్ యెహోషువ గారు. జ్ఞానప్రకాశం నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. ముందు బెంచీలో ఎలిశబెతమ్మ మౌన ప్రార్థన కాబోలనుకుని, ముసుగు సర్దుకుని కళ్లు మూసుకుంది. ఆమెను చూసి ఆడవాళ్లు, వాళ్లను చూసి మగవాళ్లు. చివరికి పాస్టరు గారూ తల వంచారు. ఆమెన్ ఎవరనాలో తెలియక అందరూ అలాగే ఉండిపోయారు. చాలాసేపటికి సుధాకర్ గురక వినిపించింది. దాన్నే ముగింపు అనుకుని లేచారు.

బయట ఫేబీ చెప్పింది. "తాతా, పొద్దున చివరిదాకా చదివింది గదా. ఫైలు మూయకపోతే ఆ చివర్నే నిలబడుంటుంది, ఇంక చదవను ఏమీ ఉండదు. మళ్లా మొదటికి పొమ్మని ఒక లైను రాయాల."

"ఇన్నేళ్లు చదివినా, నన్నెవురన్నా మొదటికి పొమ్మన్నారా?" అన్నాడు గుసగుసగా.

సుధాకర్ తన వైపు వస్తుంటే, ఇక తన కుర్చీ పోయినట్టే అనుకున్నాడు జ్ఞానప్రకాశం.

"ఏం మౌన ప్రార్థన పెట్టినారన్నా ఈరోజు! మా అత్త ఏడ్చేసింది, మనసు నిమ్మళమైందంట. వచ్చే వారం గూడా ఇదే ఉండాలంట."

"మరి ప్రకటనలు?"

"కావాల్సినోళ్లు పొద్దున మీరేసే ట్రయల్‌కి వస్తార్లే."

ఫేబీ ల్యాప్‌టాప్ తెరిచి ఆ లైను రాయబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు తల్లీ. అట్నే ఉండనీ."

ఇప్పుడు ఆదివారం అందరికంటే ముందు పోయి, ఊరి సంగతులన్నీ ఖాళీ బెంచీలకు వినిపిస్తాడు. తర్వాత నిండిన చర్చి ఎదుట, మైకు పక్క తన కుర్చీలో కూర్చుని, ఎంతో శ్రద్ధగా మళ్లీ ఎంటర్ నొక్కుతాడు.