పదో ఫారం

వీధిలో అందరికీ ఆమె మడతల పిన్ని. బైండింగు షాపు నుంచి వచ్చే పెద్ద పెద్ద అచ్చు కాగితాలను ఇంట్లో కూర్చుని మడతపెట్టడం ఆమె పని. ఒక్కో కాగితంలో పదహారు పేజీలుంటాయి. దాన్ని ఫారం అంటారు. ఒక్కో ఇంటికి ఒక్కో ఫారమే ఇస్తారు కాబట్టి ఏ పుస్తకంలోనైనా ఆమెకు దక్కేది ఒక ముక్కే. మొదలూ తెలియదు, తుదీ తెలియదు.

భర్త అదే షాపులో అంచులు కోసే మిషను మీద పనిచేస్తాడు. కట్టలు తనే తెస్తాడు, తనే తీసుకెళ్తాడు. కూరలూ మందులూ సరే, ఆమె జాకెట్టు గుడ్డ కూడా తనే తెస్తాడు. "ఎండలో నీకెందుకు శ్రమ?" అంటాడు. దేవుడిలాంటి మొగుడని ఇరుగుపొరుగు చెప్పుకుంటారు. దేవుడే, కాదనేదేముంది. గుళ్ళో కూర్చున్నది మాత్రం ఆవిడ. ఎప్పుడో చెల్లెలి పెళ్ళికి కొన్న చెప్పులు మంచం కింద ఇంకా కొత్తగానే ఉన్నాయి.

ఈసారి వచ్చింది నూరేళ్ళు దాటిన నవల. పిన్ని వంతు తొమ్మిదో ఫారం. అందులో ఒక పెద్దింటి ఇల్లాలు. మొగుడు కొట్టడు, తిట్టడు. బయటి గాలి నీకు పడదంటాడు, అంతే. ఆవిడ పేజీల నిండా గదుల్లో తిరుగుతుంది, పరదాలు సర్దుతుంది, రోడ్డు మీద బళ్ళ చప్పుడు వింటుంది. నా సంగతి ఈ రాసినవాళ్ళకి ఎవరు చెప్పారో అనుకుంది పిన్ని. చివరి పేజీలో చివరి మాటలు: "ఆమె గడియ మీద చెయ్యి వేసి,". కామా దగ్గర కాగితం అయిపోయింది.

తీసిందా? వెనక్కి తిరిగిందా? ఆకలైతే ఇంత అన్నంతో తీరుతుంది. తెలుసుకోవాలన్న ఈ ఆశ ఆమెను కూర్చోనివ్వలేదు.

"పదో ఫారం ఒక్కటి తెచ్చిపెట్టండి," అని అడిగింది.

తెస్తానన్నాడు, మర్చిపోయాడు. మళ్ళీ అడిగితే నవ్వాడు. "ఎక్కడికి పోతుందే? నాలుగడుగులు వేసి ఇంటికే వచ్చుంటుంది."

"మీరు చదివారా?"

"దానికి చదవడమెందుకు?"

మర్నాడు ఆమె మడిచిన కట్ట షాపు నుంచి వెనక్కొచ్చింది. చెయ్యి తిరిగిన పిన్ని మొట్టమొదటిసారి కాగితాలు తిరగేసి మడిచి పంపింది. చివరి పేజీ ముందుకొచ్చి, కట్ట నిండా ఇల్లాళ్ళు కథ మొదలవకుండానే గడియ పట్టుకుని నిలబడ్డారు.

"మనసెక్కడ పెట్టుకున్నావు?" అన్నాడు భర్త.

"పదో ఫారంలో."

సాయంత్రానికల్లా అన్నీ విప్పి మళ్ళీ మడిచింది. తెల్లారితే షాపులో కుట్టు మొదలవుతుంది. కుట్టేశాక పుస్తకాలు ఊరు దాటిపోతాయి, ఇక ఆ ఇల్లాలి సంగతి ఆమెకు ఎన్నటికీ తెలియదు.

పొద్దున్నే భర్త గడ్డం గీసుకుంటుంటే పిన్ని కట్ట చంకనెత్తుకుంది. మంచం కింది చెప్పులు తొడుక్కుంది. తోలు ఎండిపోయి రెండడుగులకే పట్టీ తెగింది. వాటిని అక్కడే విడిచి, గడియ మీద చెయ్యి వేసి ఆగింది. భయమేసింది. భయం కంటే వీధి చివరిదాకా నడవాలన్న కోరికే ఎక్కువగా ఉంది.

"ఎక్కడికే? ఉండు, నేను తీసుకెళ్తాగా," అన్నాడు భర్త, మొహం నిండా సబ్బు నురగతో.

"మీరు చదవరుగా," అంది.

గడియ తేలిగ్గానే వచ్చింది. ఆ తలుపుకి తాళం ఏనాడూ లేదు. అది తలుచుకునేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వీధిలోకి దిగింది.