జిరాక్సులో రాని వాక్యం

పేజీ పైనున్న వాక్యం జిరాక్సులో పొరపాటున తెగిందా, మాస్టారే తెగేలా పెట్టారా? ఇప్పటికీ తేలలేదు.

కళ్లజోళ్ల దుకాణం పెద్దాయన యాభై దాటాక గిటార్ పట్టాడు. స్వరలిపి చదవడం రాదు. ఏ తీగను ఎన్నో గడిలో నొక్కాలో అంకెల్లో చెప్పే ట్యాబ్ కాగితాలే ఆయనకు దిక్కు. గిటార్ మాస్టారు తన పుస్తకంలోంచి జిరాక్సు తీసిచ్చిన కొత్త పాఠం రెండు నెలలు సాధన చేసినా, అన్నిటికంటే లావైన ఆరో తీగ మాత్రం మిగతావాటితో కలవలేదు.

"అంకెలు తప్పు పడ్డాయేమో మాస్టారూ?"

"అంకెలు సరిగ్గానే ఉన్నాయి. స్వరం పట్టే చెవి మీకే లేదు. ఈసారి మన క్లాసు కచేరీలో మీరు వద్దులెండి."

ఇంట్లో భార్య నవ్వింది. "ఆ తీగ గుర్రుమంటోందని నాకే తెలుస్తోంది. ఊరందరి చూపూ సరిచేస్తారు, ఆయన పుస్తకం ఒక్కసారి చూడరాదూ?"

ఆ మాటతో అనుమానం పట్టుకుంది. మర్నాడు క్లాసు వేళకు ముందే మాస్టారింటికి వెళ్లాడు. మాస్టారు వంటింట్లో టీ పెడుతుంటే, బల్ల మీది పుస్తకం తెరిచాడు. అదే పాఠం. పైన సన్నటి అక్షరాలు: 'ఆరో తీగను ఒక స్వరం దించి వాయించాలి.' తన కాగితం సరిగ్గా ఆ వాక్యం కింద నుంచే మొదలైంది.

అక్కడే తన గిటార్ ఆరో తీగను వదులు చేసి ఒక స్వరం దించి, పాఠమంతా వాయించాడు. తీగలన్నీ కలిసి పలికాయి. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది కానీ, మాస్టారు బయటికి రాలేదు. పెద్దాయన తన కాగితాన్ని ఆ పేజీలోనే పెట్టి, గిటార్ భుజాన వేసుకుని, వెళ్తానని కూడా చెప్పకుండా మెట్లు దిగిపోయాడు.