పడుక్క, పడిక్క

కొత్తగా కాపురానికి వచ్చి పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న రోజులు. పొయ్యి పొగకో ఏమో, నా కళ్లు తడి ఆరిపోయి ఇసుక పడ్డట్టు గరగరలాడేవి. తోడికోడలు నన్ను సౌకార్‌పేటలో ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి తీసుకుపోయింది. నాది నెల్లూరు పక్క పల్లె, అరవం రాదు. ఆమె మద్రాసులోనే పుట్టింది.

వైద్యుడు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, కళ్ల చుట్టూ మినపపిండితో గట్టు కట్టి, గోరువెచ్చటి మందునెయ్యి పోశాడు. అందులోనే రెప్పలు ఆడించమన్నాడు. లోకమంతా పచ్చగా కరిగిపోయింది. లేచాక, "పగల్ల పడుక్క కూడాదు" అన్నాడు.

"పగలు పడుకోవద్దంటున్నాడా అక్కా?" అన్నాను. మన మాటలాగే వినిపించింది మరి.

"పడుక్క కాదే పిచ్చిదానా, పడిక్క. చదవకూడదంట. ఇంక ఆ బడి జోలికి పోబాక."

క్వార్టర్స్‌లో మధ్యాహ్నాలు ఆడవాళ్లకు బడి పెట్టేవారు. గుణింతాల దాకా వచ్చాను. కళ్లు పోతాయన్న భయంతో మానేశాను. ఆ వేళకు ఏమీ తోచక చాప వేసుకుని నిద్రపోయేదాన్ని. అక్క చూస్తూనే ఉండేది. ఆ తర్వాత ఇంట్లో పిండిగట్టు కట్టి నెయ్యి పోసిందీ ఆమే.

కళ్లు బాగుపడలేదు. కొన్నాళ్లకు, అరవం కాస్త పట్టుబడ్డాక, ఒక్కదాన్నే వెళ్లాను. వైద్యుడు విసుక్కున్నాడు. "పగల్ల పడుక్క కూడాదు" అని, అరచేతి మీద చెంప ఆనించి నిద్ర నటించి చూపాడు.

"పడిక్కలామా?" అన్నాను. చదవొచ్చా అని.

ఆయన నవ్వాడు. "నల్లా పడిమ్మా!" బాగా చదువుకోమని.

ఇంటికి వచ్చేసరికి అక్క పిండి రుబ్బుతోంది.

"ఆ రోజు నువ్వు తప్పుగా విన్నావేమో అక్కా," అన్నాను. అవునంటే చాలు, నమ్మేసేదాన్ని.

"నాకా అరవం రానిది?" పొత్రం ఆపలేదు. "నువ్వు సంతకం నేర్చుకుంటే ఈ ఇంట్లో వేలిముద్రది నేనొక్కదాన్నే మిగుల్తా."

అప్పటికే ఆ బడి ఎత్తేశారు. నాకు అక్షరాలు రావడానికి జుట్టు నెరవాల్సి వచ్చింది.

పిండిగట్టు ఊడదీసేటప్పుడు ఒక్క రెప్పవెంట్రుక కూడా లాగేది కాదామె. తడిబట్టతో కొసల నుంచి మెల్లగా, చంటిబిడ్డకు తుడిచినట్టు తుడిచేది. ఆ చేతులే నాకు ఇప్పటికీ మింగుడుపడవు.