నేనెంత దూరం పోతే అంత గెలుపు

వికారాబాద్‌లో మా బడి ఆడపిల్లలకు పదేళ్లుగా బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. గెలిస్తే ఆటకు పోయే టెంపో చక్రం కింద పెట్టిన నిమ్మకాయ గొప్ప, ఓడితే కోచ్ తప్పు. పిల్లల అమ్మానాన్నల తీర్పు ఎప్పుడూ ఇదే. ఒక్కసారైనా "సార్ వల్లనే గెలిచినం" అనిపించుకోవాలని నాకు ఆశ. సిగ్గెందుకు, చచ్చేంత ఆశ.

ఒకసారి తాండూరులో ఆట. రైలు అందక నేను చేరేసరికి అంతా అయిపోయింది, మావాళ్లు గెలిచేశారు. పిల్లల అమ్మానాన్నలు నన్ను చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు. అక్కడే జరిగిన తర్వాతి ఆటకు నన్ను గేటు బయటే నిలబెట్టారు.

ఆట సగంలో కెప్టెన్ పిల్ల తండ్రి వచ్చాడు. మర్పల్లి వైపు గొర్రెల కాపరి. "సార్, ఎనకబడ్డం. జర దూరం పోండ్రి" అన్నాడు. చాయ్ బండి దాకా పోయాను. "ఇంకా జర" అని ఫోన్ చేశాడు. బస్టాండ్‌లో కన్నడం మాట్లాడుకునేవాళ్ల మధ్య కూర్చున్నాను. ఇంకొక్క ఫోన్ వస్తే కర్ణాటక బస్సు ఎక్కేవాణ్ణే.

గెలిచాం. ఆయన తన తువ్వాల నా మెడలో వేసి, "సార్ బస్టాండ్ దాకా పోబట్టే గెలిచినం" అన్నాడు. నేను నేర్పిన ఆట సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఉబ్బితబ్బిబ్బైపోయాను.

మొన్న మళ్లీ తాండూరులోనే ఆట. ఎవరూ చెప్పకముందే బస్టాండ్‌కు పోయి, పల్లీలు కొనుక్కుని కూర్చున్నాను. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. చివరి బంతి కెప్టెన్ చేతిలోనే గురి తప్పిందట. నేను తిరిగొచ్చేసరికి పిల్ల తల వంచుకుని ఉంది. "రేపటి సంది ఆట బంద్. గొర్ల ఎంబడి పో" అంటున్నాడు తండ్రి. నన్ను చూసి ఆగాడు.

"సార్, నిజం చెప్పుండ్రి. బస్టాండ్ దాకా పోయిండ్రా, చాయ్ బండి కాడనే ఆగిండ్రా?"

పల్లీల పొట్లం వీపు వెనక దాచాను.

"చాయ్ బండి కాడనే ఆగిన అన్నా" అన్నాను.

"గదీ సంగతి" అని ఆయన కూతురి తల నిమిరాడు. "నీ తప్పేం లేదు బిడ్డా. రేపు ఆటకు పో."

వికారాబాద్ దాకా టెంపోలో అందరూ నన్ను తిడుతూనే ఉన్నారు. ఆ పిల్ల మాత్రం నా పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా, బస్టాండ్ పల్లీలు తింది.